ప్రవాస నవలలో పెరటి పాక

స్వదేశం విడిచి పరదేశంలో స్థిరపడిన రచయిత తన జన్మభూమిని గురించి నవల వ్రాస్తే దానికి రెండు రకాల పాఠకులు ఏర్పడతారు. ఆ దేశాన్ని ఎన్నడూ చూడనివారు ఒకరు. వారికి ఆ నవలయే ఆ దేశం. ఆ నేలమీద పుట్టి ఆ నేలమీదనే బ్రతుకుతున్నవారు మరొకరు; వారికి ఆ నవల పరాయి ఇంటి గోడకు వ్రేలాడదీసిన తమ పటం వంటిది. మొదటివారు చదివి కన్నీరు పెట్టుకొంటారు. రెండవవారు చదివి, ఈ పటంలో ఉన్నది తామేనా అని ప్రశ్నిస్తారు. ప్రశ్నించే హక్కు వారికి ఉన్నది. అయితే ఆ ప్రశ్నను ఎట్లా వేయవలెనో తెలియక చర్చలు తరచుగా దారి తప్పుతున్నవి.

సాధారణంగా వినవచ్చే ఆక్షేపణలు రెండు. విదేశీయుల ముందు సొంతవారి పరువు తీసినాడని ఒకటి. దూరాన కూర్చుండి వ్రాసినందున వివరాలు తప్పినవని మరొకటి. మొదటి ఆక్షేపణ ఎంతదాకా పోగలదో 2010లో ముంబయి విశ్వవిద్యాలయంలో తేటపడినది. రోహింటన్ మిస్త్రీ వ్రాసిన 'సచ్ ఎ లాంగ్ జర్నీ' (1991) నవల తమవారిని కించపరుస్తున్నదని ఒక రాజకీయ పక్షపు విద్యార్థి విభాగం ఆందోళన చేయగా, ఆ నవలను పాఠ్యగ్రంథాలనుండి తొలగించినారు. నవలలోని మంచిచెడ్డలను చర్చించవలసిన తరగతి గదిలో నవలయే లేకుండా పోయినది. రెండవ ఆక్షేపణ కొంత మర్యాద గలదే కాని, అదియు పైపై పరీక్షయే. ఒక వీధి పేరు తప్పినంతమాత్రాన నవల చెడదు; వీధులన్నీ సరిగా ఉన్నంతమాత్రాన నవల పండదు.

అసలు పరీక్ష వేరొకచోట ఉన్నది. ప్రవాసి తనవెంట తీసికొనిపోయేది దేశాన్ని కాదు, ఇంటిని. తల్లి వంటింటి వాసన, తండ్రి కూర్చుండే కుర్చీ, పండుగనాటి సందడి, వీధి అరుగుమీది కబుర్లు ఎన్ని సముద్రాలు దాటినా చెరిగిపోవు. తన కులం, తన మతం, తనవారి మాటతీరు అతని జ్ఞాపకంలో భద్రంగా ఉంటవి. కాని ఆ ఇంట అంట్లు తోమిన మనిషి పొద్దుగూకిన తర్వాత ఏ గుడిసెకు పోయేదో, అక్కడ ఏమి వండుకొనేదో, తన పిల్లలతో ఏమి చెప్పుకొనేదో అతని జ్ఞాపకంలో ఉండదు. మరచిపోయినందువల్ల కాదు, ఎన్నడూ చూడనందువల్ల. కనుక ప్రవాస నవలలో ఇతర వర్గాల చిత్రణ పలచబడితే ఆ దోషాన్ని సముద్రంమీద మోపడం న్యాయం కాదు. రచయిత ఓడ ఎక్కకముందే ఆ దూరం ఇంటికీ పెరటికీ నడుమ ఉన్నది.

ఈ సంగతిని ఖాలిద్ హుస్సేనీ వ్రాసిన 'ది కైట్ రన్నర్' (2003) చక్కగా తెలియజేస్తుంది. హుస్సేనీ 1965లో కాబూలులో జన్మించినారు. తండ్రి దౌత్యోద్యోగి. 1976లో కుటుంబం పారిస్ నగరానికి వెళ్ళినది. సోవియట్ సేనలు అఫ్ఘనిస్తానంలో ప్రవేశించిన పిమ్మట, 1980లో, అమెరికాలో ఆశ్రయం పొందినది. అక్కడ వైద్యుడుగా పనిచేస్తూ ఆయన ఈ నవల వ్రాసినారు. అప్పటికి ఆయన కాబూలును విడిచి పాతికేళ్ళు గడచినవి.

నవలలో కథ చెప్పే అమీర్ సంపన్నుడైన పష్తూన్ వర్తకుని కుమారుడు. అతని బాల్యమిత్రుడు హసన్ ఆ ఇంటి సేవకుని వద్ద పెరిగిన హజారా బాలుడు. హజారాలు ఆ దేశంలో అల్పసంఖ్యాకులు. వారిలో అత్యధికులు షియా శాఖవారు. 1890 దశకంలో అబ్దుర్ రహ్మాన్ ఖాన్ పాలనలో వారిపై సాగిన దండయాత్రలలో ఎందరో హతులైనారు, ఎందరో బానిసలుగా అమ్ముడుపోయినారు, ఎందరో భూములు పోగొట్టుకొన్నారు. ఈ చరిత్ర నవలలో ఒక చిన్న సన్నివేశం ద్వారా ప్రవేశిస్తుంది. అమీర్ ఇంట దొరికిన ఒక పాత పుస్తకంలో హజారాలను గురించిన అధ్యాయం చదివి, ఇంతటి విషయం ఇంతవరకు ఎవరూ తనకు చెప్పలేదేమని ఆశ్చర్యపడి, దానిని బడికి తీసికొనిపోయి ఉపాధ్యాయునికి చూపుతాడు. ఆయన కొన్ని పుటలు త్రిప్పి, వెక్కిరింతగా నవ్వి, పుస్తకం తిరిగి ఇచ్చివేస్తాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు ఈ సన్నివేశంవద్ద ఒక క్షణం ఆగక తప్పదు. ఒక జాతి చరిత్రను మరుగుపరచడానికి పుస్తకాలు తగులబెట్టనక్కరలేదు. బాలుని కుతూహలాన్ని చూచి గురువు నవ్వితే చాలును.

హసన్ నివాసం ఆ భవనపు తోటలోని మట్టి పాక. ఆ ఇంట పెరిగిన పద్దెనిమిదేండ్లలో ఆ పాకలో తాను అడుగుపెట్టిన సందర్భాలు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమేనని అమీర్ స్వయంగా చెప్పుకొంటాడు. నవల మర్మమంతా ఈ ఒప్పుకోలులో ఉన్నది. రచయిత నిజాయితీకి అది నిదర్శనం. అయితే అమీర్ వలెనే నవలకూడ ఆ పాక గుమ్మంవద్దనే ఆగిపోయినది. హసన్ నిర్మలుడు, ధీరుడు, విధేయుడు. యజమాని కొడుకుకోసం తెగిన గాలిపటం వెంట పరుగెత్తుతాడు. చేయని దొంగతనాన్ని తనమీద వేసుకొంటాడు. చివరకు ఆ ఇంటిని కాపాడుతూ తాలిబాన్ల చేత ప్రాణం పోగొట్టుకొంటాడు. కాని తనకోసం అతడు ఏమి కోరుకొన్నాడు? రాత్రి పాకలో ఒంటరిగా పడుకొన్నప్పుడు ఎవరిమీద కోపించినాడు? పెద్దవాడై అక్షరాలు నేర్చి అమీరుకు వ్రాసిన ఒక్క ఉత్తరంలో అతని గొంతు నేరుగా వినిపిస్తుంది. ఆ ఉత్తరం అమీర్ చేతికి అందేసరికి అతడు లేడు. హజారాల బాధ నవలలో ఉన్నమాట నిజమే. కాని అది అమీర్ పశ్చాత్తాపానికి ఉపకరణంగా ఉన్నది. హసన్ కుమారుని అమెరికాకు తీసికొనిపోవడంతో అమీర్ ఋణం కొంత తీరుతుంది. హజారాల కథ మాత్రం అక్కడ నిలిచిపోతుంది.

ఇంతమాత్రం చెప్పి ఊరకుంటే ఆ రచయితకు అన్యాయం జరుగుతుంది. 2003లో ఆయన ఇరువదియేడు సంవత్సరాల తర్వాత కాబూలును దర్శించినారు. 2007లో వెలువడిన 'ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్' నవలలో కథ ప్రవాసి నోట రాలేదు. మరియమ్, లైలా అనే ఇద్దరు స్త్రీలు ఒకే భర్త ఇంట చిక్కుకొని, మొదట ఒకరినొకరు ద్వేషించి, పిదప ఒకరికొకరు దిక్కవుతారు. పాకిస్థానులోని ముర్రీలో సుఖంగా కాలం గడపగలిగి ఉండియు లైలా కాబూలుకు తిరిగివచ్చి అనాథ బాలలకు చదువు చెబుతుంది. మొదటి నవలలో దేశం విడిచినవాడు వచ్చి రక్షిస్తాడు. రెండవ నవలలో దేశంలోనివారు ఒకరినొకరు రక్షించుకొంటారు. ఈ మార్పు చిన్నది కాదు.

జ్ఞాపకంతోపాటు భాషనుకూడ పరీక్షింపవలసి ఉన్నది. మోనికా అలీ ఢాకాలో జన్మించి పసితనంలోనే ఇంగ్లండు చేరినారు. ఆమె వ్రాసిన 'బ్రిక్ లేన్' (2003) లండనులోని బంగ్లాదేశీయుల కథ. అందులో తమను మొరటువారుగా చిత్రించినారని అక్కడి సిల్హెట్ ప్రాంతీయులు కొందరు నిరసన తెలిపినారు. 2006లో దానిని చలనచిత్రంగా తీయబోగా మరల ఆందోళన జరిగినది. పరువును గురించిన ఈ కోలాహలంలో అంతకంటె ముఖ్యమైన ప్రశ్న వినబడకుండా పోయినది. నవలలో నాయిక నజ్నీన్ చెల్లెలు హసీనా ఢాకాలోనే ఉండిపోయి, దుస్తుల కర్మాగారంలో పనిచేస్తూ, అక్కకు ఉత్తరాలు వ్రాస్తుంది. ఆ ఉత్తరాలు నవలలో వ్యాకరణం లేని విరుగుడు ఇంగ్లీషులో ఉన్నవి. చెల్లెలు అక్కకు వ్రాసుకొనేది బెంగాలీలో కదా! ఆమెకు చదువు తక్కువ కావచ్చును. అక్షరదోషాలు దొర్లవచ్చును. కాని తల్లిభాషలో తన కష్టం చెప్పుకొనే ఆడపడుచు మాట అంత కుంటుతూ నడవదు. బడిముఖం చూడని తెలుగు తల్లి నోట ఎంత పదునైన మాట, ఎంత నిండైన సామెత వస్తుందో పల్లెటూరి ఉపాధ్యాయులు ఎరుగుదురు. లండనులో ఉన్న అక్క తలపులు చక్కని ఇంగ్లీషులో సాగుతూ, ఢాకాలో ఉన్న చెల్లెలి మాటలు మాత్రం విరిగిపోవడం వల్ల, దేశం విడిచినవారికి మనస్సు, విడువనివారికి కష్టం మాత్రమే దక్కినట్లయినది.

ఇందుకు భిన్నమైన మార్గం మిస్త్రీ వ్రాసిన 'ఎ ఫైన్ బాలెన్స్' (1995) నవలలో కనిపిస్తుంది. ఆయన బొంబాయి పార్శీ. 1952లో పుట్టి 1975లో కెనడా వెళ్ళినారు. నవలలో ప్రధాన కథ సరిగా ఆ 1975లోనే, అత్యవసర పరిస్థితితో, ప్రారంభమవుతుంది. అనగా తాను విడిచివచ్చిన తర్వాతి కాలాన్ని, తాను చూడని కాలాన్ని వ్రాయడానికి ఆయన పూనుకొన్నారు. అంతేకాదు, తన వర్గాన్ని దాటి బయటికి నడిచినారు. దీనా దలాల్ అనే పార్శీ వితంతువు ఇంట కుట్టుపనికి వచ్చిన ఈశ్వర్, ఓంప్రకాశ్ తోలుపని చేసే చమార్ కులంలో పుట్టినవారు. రచయిత వారిని దీనా గుమ్మంలో నిలబెట్టి వదలలేదు. వారి గ్రామానికి వెళ్ళినారు. కొడుకులకు కులవృత్తి వద్దని, పట్టణంలోని ముస్లిం దర్జీవద్ద పనికి పెట్టిన దుఖీ తెగువ, స్వేచ్ఛగా వోటు వేయగోరినందుకు నారాయణ్ పొందిన ఘోరమరణం అక్కడ తెలుస్తవి. ఆ తండ్రికి ఒక కోరిక ఉన్నది, ఆ కొడుకుకు ఒక కోపం ఉన్నది. హసనుకు దక్కనివి అవియే.

తొలిరోజులలో దీనా దర్జీలకు వేరు కప్పులు కేటాయిస్తుంది. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతిని ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ వివరం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. క్రమంగా ఆ భేదం కరిగి అందరూ ఒకచోట వండుకొని తింటారు. ఆ మార్పు ఉపన్యాసంవల్ల రాలేదు. ఒకే కప్పుక్రింద కలిసి పనిచేయడంవల్ల వచ్చినది.

ఈ నవలలో దుఃఖం మోతాదు మించినదన్న విమర్శ ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. దర్జీలమీద ఆపదలు ఒకదానివెంట ఒకటిగా పడుతుంటే పాఠకునికి ఊపిరి సలపదు. అయితే ముగింపును గమనింపవలెను. ఎనిమిదేండ్లు దుబాయిలో గడపి తిరిగివచ్చిన మానెక్, కాళ్ళు పోగొట్టుకొని బిచ్చగాడైన ఈశ్వరునీ, అతని బండి లాగుతున్న ఓంప్రకాశునూ చూచి పలకరింపలేక తప్పుకొని పోతాడు. ఆ తర్వాత బ్రతుకలేకపోతాడు. ఆ బిచ్చగాండ్రు మాత్రం దీనా వద్దకు వచ్చి, ఆమె దొంగచాటుగా పెట్టిన అన్నం తిని, ఆమెతో వేళాకోళాలాడి నవ్వుతూ వెళ్ళిపోతారు. దూరంనుండి వచ్చినవాడు చూచినది దైన్యం. అక్కడ బ్రతుకుతున్నవారికి దైన్యంతోపాటు నవ్వుకూడ మిగిలి ఉన్నది. తన చూపుకున్న పరిమితిని నవలలోనే ఒప్పుకొన్న ప్రవాస రచయిత మిస్త్రీ.

తెలుగువారికి ఈ చర్చ పరాయిది కాదు. మారిషస్, దక్షిణాఫ్రికా, బర్మాల నాటినుండి నేటి అమెరికా వరకు తెలుగువారు వలసపోతూనే ఉన్నారు. దేశంలో ఉన్నంతమాత్రాన దూరం తొలగదని, దేశం విడిచినంతమాత్రాన దూరం ఏర్పడదని తెలిపే రెండు గ్రంథాలు తెలుగువారికే ఉన్నవి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఈ నేలను విడిచి స్థిరపడినవారు కారు. అయినను 'మాలపల్లి' (1922) వ్రాయడానికి ఆయన ఊరినుండి పల్లెకు నడవవలసి వచ్చినది. అగ్రవర్ణంలో పుట్టినవారికి ఆనాడు అది చిన్న ప్రయాణం కాదు. న్యూయార్కులో స్థిరపడిన గిడ్ల సుజాత 2017లో ఇంగ్లీషులో ప్రచురించిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' నవల కాదు, కుటుంబ చరిత్ర. తన తల్లినీ, శివసాగరుగా ప్రసిద్ధుడైన మేనమామ కె. జి. సత్యమూర్తినీ గురించి వ్రాసిన ఆ గ్రంథానికి సముద్రదూరం అడ్డు రాలేదు. ఆమె వెంట తీసికొనిపోయిన ఇల్లు పల్లెలోని ఇల్లు. జ్ఞాపకం ఎవరిదన్నది ముఖ్యం గాని, ఎక్కడ కూర్చుండి వ్రాసినారన్నది ముఖ్యం కాదు.

కనుక ప్రవాస నవల తరగతి గదిలోకి వచ్చినప్పుడు, ఇది దేశానికి కీర్తియా అపకీర్తియా అని విద్యార్థిచేత తీర్పు చెప్పించడంవల్ల ప్రయోజనం లేదు. ఈ నవలలో ఎవరి ఇంటి తలుపు లోపలినుండి తెరుచుకొన్నది, ఎవరి గుడిసె బయటినుండి మాత్రమే కనబడినది అని అడిగితే చర్చ సరియైన చోట మొదలవుతుంది. ఆ ప్రశ్నను పరదేశంలోని రచయితకు మాత్రమే పరిమితం చేయకూడదు. అదే తరగతిలో, అదే బల్లమీద ప్రక్కన కూర్చున్న సహాధ్యాయి ఇంటికి తాను ఎన్నడైనా వెళ్ళినాడా, అక్కడ మంచినీళ్ళు త్రాగినాడా అని విద్యార్థి ఆలోచించుకోవలెను. వెళ్ళనివాడు రేపు ఏ దేశానికి పోయి ఎంత గొప్ప నవల వ్రాసినను, అందులో ఆ సహాధ్యాయి మంచివాడుగా, విధేయుడుగా, నోరులేనివాడుగానే ఉండిపోతాడు.