మన ఊరి దారికి డబ్బు ఎవరివ్వాలి?



మనలో చాలామందిమి హాస్టల్లో ఎందుకు చేరాం? ఇంట్లో తిండికి కటకట ఒక కారణం. ఊళ్ళో పెద్దబడి లేకపోవడం, పక్క ఊరి బడికి బస్సు లేకపోవడం రెండో కారణం. కాబట్టి రోడ్లు, బస్సులు, రైళ్ళ ఖర్చు ఎవరు భరించాలన్నది ఢిల్లీలో, అమరావతిలో పెద్దలు తేల్చుకునే లెక్క మాత్రమే కాదు. మన చదువుల లెక్క కూడా.

రాజ్యాంగం ప్రకారం రైళ్ళు, జాతీయ రహదారులు కేంద్రానివి. మిగతా రోడ్లు రాష్ట్రానివి. పంచాయతీలకు అప్పగించదగిన పనుల్లో రోడ్లు, కల్వర్టులను కూడా 11వ షెడ్యూలు చేర్చింది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, గెడ్డ మీద వంతెన కావాలని అడిగితే ఒకరు మరొకరి వైపు వేలు చూపిస్తారు.

"ఎవరి ప్రాంతం రోడ్డు వాళ్ళ పన్నులతోనే వేసుకోవాలి, అప్పుడే జవాబుదారీతనం ఉంటుంది" అనేవారున్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి వెళ్ళే చిన్న రైలు మార్గాన్ని 1900లో పర్లాకిమిడి రాజావారు సుమారు 7 లక్షల రూపాయలతో వేయించారు. జమీందారు ఖజానా అంటే రైతులు కట్టిన శిస్తే కదా! అంటే అది మన తాతల పన్నుతో వచ్చిన రైలే. కానీ అదే మార్గాన్ని బ్రాడ్‌గేజిగా మార్చాల్సి వచ్చినప్పుడు ఏమైంది? 2004లో చిన్న రైలును ఆపి, 2011 నాటికి గుణుపూర్ దాకా పని పూర్తిచేసింది కేంద్ర రైల్వేశాఖే. ఒక జిల్లా మోయగలిగిన బరువు కాదది.

జమీందారుకు ఖజానా ఉంది. మన పంచాయతీకి ఏముంది? ఇంటి పన్ను, సంత ఆశీలు. రేకుల ఇళ్ళు, పూరిళ్ళు ఉన్న ఊరు ఎంత పన్ను కట్టగలదు? స్థానిక పన్నే ఆధారమైతే ఉన్న ఊరికి తారు రోడ్డు, లేని ఊరికి బురదే మిగులుతుంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. మన అమ్మానాన్నలు, బాబాయిలు హైదరాబాదుకో చెన్నైకో వలస పోయి అక్కడ మేడలు కడతారు. అక్కడ వాళ్ళు కొనే సబ్బు మీద, చెప్పుల మీద పడే జీఎస్టీలో రాష్ట్ర వాటా తెలంగాణకో తమిళనాడుకో పోతుంది. కేంద్ర వాటా ఢిల్లీకి పోతుంది. చెమట మనది, పన్ను జమ అయ్యేది వేరేచోట. ఆ డబ్బు మన పల్లెకు తిరిగి రావాలంటే కేంద్రం ద్వారానే రావాలి. అందుకే కేంద్ర నిధులు అడగడం యాచన కాదు, మనకు రావలసిన బాకీ అడగడమే అంటున్నాం.

అలాగని అంతా కేంద్రానికే వదిలేద్దామా? 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనకు మొదట పూర్తి ఖర్చు కేంద్రమే భరించింది. 2015-16 నుంచి మనలాంటి రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవలసి వచ్చింది. కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది జనాభా ఉన్న ఊరికే రోడ్డు అన్నారు. ఆదిమ గిరిజన తెగల గూడేల కోసం ఆ గీతను 100కు దించడానికి 2023లో పీఎం జన్‌మన్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఢిల్లీలో గీసిన గీత కింద పడిన కొండసవర గూడెంలో నిండు గర్భిణికి డోలీయే గతి.

పెట్రోలు, డీజిలు మీద కేంద్రం వేసే రోడ్డు సెస్సు రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లోకి రాదు. మన రాష్ట్రం కూడా 2020లో లీటరుకు రూపాయి చొప్పున రోడ్డు సెస్సు వేసింది. అంటే షేర్ ఆటో ఎక్కే కూలీ రెండు ప్రభుత్వాలకూ రోడ్డు డబ్బు కడుతున్నట్టే. ఆ డబ్బుతో వేసిన రోడ్డు దగ్గర ఎవరి ఫొటోతో బోర్డు పెట్టాలా అని పోటీ! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

ఇక బస్సులు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టికెట్టు లేదు. ఖర్చు రాష్ట్రానిది. మంచి పనే. కానీ బస్సే రాని ఊరి చెల్లెలు ఆ ఉచితాన్ని ఏం చేసుకోవాలి? ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023లో పలాసలో పెద్దాసుపత్రి వచ్చింది. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్ళాలి. ఊరికి బస్సు లేకపోతే వైద్యం ఉచితమైనా ఆటో కిరాయి ఉచితం కాదు.

ఇదంతా చూశాక మేం అనేది ఒకటే. రోడ్డు, వంతెన, రైలు వంటి పెద్ద ఖర్చు కేంద్రం పెట్టాలి. బస్సు నడపడం, వేసిన రోడ్డును బాగుచేయడం రాష్ట్రం చూసుకోవాలి. దీంట్లో కేంద్రం కూడా చేయి కలపాలి. ఇది కొత్త కోరికేం కాదు. ఆర్టీసీలకు మూలధనం కేంద్రం, రాష్ట్రం కలిసి ఇవ్వవచ్చని 1950 నాటి చట్టంలోనే ఉంది. ఏ ఊరికి ముందు, బస్సు ఏ వేళకు అన్నది మాత్రం గ్రామసభ చెప్పాలి. డబ్బు పైనుంచి రావాలి, మాట కింది నుంచి వెళ్ళాలి.

మా ఇళ్ళలో మొదటి డిగ్రీ మాదే. అర్జీ రాయడం, లెక్క అడగడం మా పెద్దలకు రాని పనులు, మనకు వచ్చిన పనులు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరికి ఏ రోడ్డు మంజూరైంది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. బడి వేళకు బస్సు కావాలని గ్రామసభలో తీర్మానం చేయించి, పాలకొండో పార్వతీపురమో టెక్కలో సాలూరో, మీకు దగ్గరున్న డిపో మేనేజరుకు ఇవ్వండి. అడగందే అమ్మయినా పెట్టదు. మన తర్వాత పుట్టే పిల్లలు హాస్టల్లో చేరితే చదువు మీద ఇష్టంతో చేరాలి గానీ, ఊరికి దారి లేక కాదు.