తెగిపోయిన ఒత్తు



గడచిన వేసవిలో, తునికాకు ఏరు దినములలో, అడవి అంచుననున్న యొక కోయగూడెమునుండి ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆ బాలిక మా వారి బడిలో అయిదవ తరగతి ముగించినది. దూరముననున్న యొక వసతి పాఠశాలలో చేరుటకు దరఖాస్తు పెట్టవలెను. అది కాగితముమీద గాదు, ఫోనులో నింపవలసినది. మా వారు పొరుగూరికి పోయియుండుటచే ఆ పని మా చేతిలో పడినది.

పేరు, తండ్రి పేరు, ఊరు సులువుగనే నిండినవి. పుట్టిన తేదీ యొద్దకు రాగా ఒక చిన్న పెట్టె తెఱచుకొన్నది. అందు నెలల పేర్లు తెలుగుననే యుండుట చూచి సంతోషించితిమి. చదివి చూడగా "ఏపిల్" అని యొక నెల, "ఆగసు" అని యొక నెల, "అకోబరు" అని మఱియొక నెల! అక్షరముల క్రింది ఒత్తులన్నియు పెట్టె యంచున తెగిపోయినవి. బాలిక పుట్టినది అక్టోబరు 14. సంవత్సరము వెనుకకు జరుపుటకు వేఱు దారి లేక, ఒక చిన్న బాణపుగుర్తును నెలకొకసారి చొప్పున నూటయిరువది పర్యాయములకు పైగా నొక్కితిమి. కడకు 14 మీద వ్రేలు పెట్టితిమి. అంకెలు ఆవగింజలవలె నొకదాని నొకటి ఒరసికొని యుండుటచే 13 పడినది. మేము గమనింపలేదు.

మూడవనాడు, తేదీ జనన ధ్రువపత్రముతో సరిపోలలేదని దరఖాస్తు తిరిగివచ్చినది. ఆ తల్లి మరల బస్సెక్కి రావలసివచ్చెను. తునికాకు పని యేడాదిలో కొన్ని వారములే. అందు రెండు దినముల కూలి ఆమెకు పోయినది. "మీ తప్పు కాదులే అమ్మా, నా బిడ్డ తలరాత" అని ఆమె యనినప్పుడు మాకు మిక్కిలి సిగ్గు కలిగినది. గడువు ముగియు దినమున దిద్దిన దరఖాస్తు చేరినది. కాని తప్పు తలవ్రాతదా, మా వ్రేలిదా, ఆ పెట్టెదా యను ప్రశ్న మమ్ము వదలలేదు.

ఆ వారముననే మా అక్కగారి అమ్మాయి, చంటిబిడ్డతో హైదరాబాదునుండి సెలవులకు వచ్చినది. ఫోనులలో కనబడు తెరలను నిర్మించుట ఆమె వృత్తి. మేము జరిగినది చెప్పగా ఆమె ఫోను చేత బట్టుకొని చాలసేపు మాటాడక కూర్చున్నది. పిదప, "పిన్నీ, ఆ పెట్టె నేను చేసింది కాదు. కానీ నేనూ అలాంటి పెట్టే చేశాను. ఊరికే ఇస్తున్నాను. ఎందరు వాడుతున్నారో నాకే తెలీదు" అన్నది.

ఆమె వివరించినది మీకును తెలియదగినది. ఇల్లు కట్టువాడు గొళ్ళెమును, మడతబందును తానే పోతపోయడు. అంగడిలో తెచ్చి బిగించును. అట్లే తెరను కూర్చువాడు ప్రతి బటనును, ప్రతి జాబితాను, ప్రతి తేదీపెట్టెను మొదటినుండి వ్రాయడు. ఎవరో యొకరు చక్కగా వ్రాసి యుంచినదానిని తెచ్చి అమర్చుకొనును. వీనిని కాంపొనెంటులందురు. బ్రౌజరులో పుట్టుకతో నున్న భాగములు చాలనిచో క్రొత్తవానిని మనమే సృష్టించి పేరు పెట్టుకొనవచ్చును. ఈ యేర్పాటు నేటి రూపమున 2016లో క్రోమ్ బ్రౌజరులోను, 2018లో ఫైర్‌ఫాక్సులోను ప్రవేశించినది. ఆ పేరులో తప్పక ఒక అడ్డగీత యుండవలెనని నియమము. బ్రౌజరు తన సొంత భాగములకు అడ్డగీత గల పేరు పెట్టుకొనదు గనుక, ఇంటివారికిని వచ్చినవారికిని పేరు కలిసి తగవు రాదు.

ఇట్లు చేసినదానిని దాని కోడుతో సహా అందఱి ముందుంచి, ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, మార్చినదానిని మరల నొరులకు ఈయవచ్చును అని యనుమతి వ్రాసియిచ్చుటను ఓపెన్ సోర్సు అందురు. మన తెలుగునకు ఇట్టి దానము క్రొత్త కాదు. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన యను ఖతులను ఉచితముగ నిచ్చిరి. ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన, తెనాలి రామకృష్ణ యను పేర్లుగల తెలుగు ఖతులు నేడు గూగుల్ ఫాంట్సులో స్వేచ్ఛా లైసెన్సుతో దొరకుచున్నవి. మా తండ్రిగారి యొద్ద ప్రబంధములు చదువుకొన్న మాకు ఆ జాబితా చూడగా చుట్టములను చూచినట్లయినది.

ఇక ఒత్తు తెగుటకు కారణము. ఇంగ్లీషు అక్షరములు గీతమీద కూర్చుండును. ఏ కొన్నియో మాత్రము కొంచెము క్రిందికి దిగును. మనకో, పైన తలకట్టు, గుడి; క్రింద ఒత్తు. ఇంగ్లీషు కొలతతో పెట్టె యెత్తు ఇన్ని చుక్కలని బిగించినచో మన ఒత్తు గడప దాటి తెగిపోవును. ఎత్తును అంకెతో బిగింపక, లోని అక్షరములనుబట్టి పెఱుగనిచ్చుటయే మందు.

రెండవ చిక్కు లెక్కలోనిది. ఛందస్సు చదివినవారికి "అక్టోబరు" నాలుగక్షరములు: అ, క్టో, బ, రు. యూనికోడులో అదే పదము ఎనిమిది గుర్తులు. అక్షరమునకు దానిని, గుణింతమునకు దానిని, పొల్లునకు దానిని వేఱువేఱుగా లెక్కించును. ఇంగ్లీషున నెలపేరును మూడక్షరములకు కుదించు అలవాటు కలదు. ఆ కత్తెరనే తెలుగున కాడించినచో ఏప్రిల్ "ఏప్" అగును, మార్చి "మార" అగును, అక్టోబరు "అక్" అని నోరు మూసికొనును. ఈ కష్టము తీర్చుటకు లోకమునందలి పెక్కు భాషల నెలలు, వారములు, వాని పొట్టిరూపములు చేర్చి యుంచిన ఉమ్మడి భాండారమొకటి యూనికోడు సంస్థ యొద్ద నున్నది. అందు తెలుగునకు ఫిబ్ర, సెప్టెం, అక్టో అని సరియైన చోటనే విఱిచి యుంచిరి. దానినుండి తెచ్చుకొనక సొంత కత్తెర పట్టుటయే తప్పు.

అక్షరములను ఒకదానితో నొకటి కూర్చి తెరమీద నిలుపు పనికి హర్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్సు యంత్రాంగ మున్నది. ఉర్దూ వినికిడి గల మన ప్రాంతమువారికి "హర్ఫ్" అనగా అక్షరమని తెలియును. ఆ పేరు పారసీకమునుండి వచ్చినది. ఆండ్రాయిడ్ ఫోనులలోను, క్రోమ్, ఫైర్‌ఫాక్సులలోను మన సంయుక్తాక్షరములను కూర్చునది అదియే. ఈ కూర్పు ఎంత సున్నితమనగా, 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" యను మన అక్షరము, నడుమ కంటికి కనబడని గుర్తొకటి చేరి సందేశముగా పోయినచోట ఐఫోను అప్పులు కుప్పగూలినవి. ఆ నెల 19వ తేదీన ఆపిల్ కంపెనీ సవరణ విడుదల చేసినది. లోకము నవ్వుకొన్నది. మాకు మాత్రము, మన అక్షరమును ముందుగా సరిచూచినవారు లేకపోయిరే యని తోచినది.

ఇంతయు విని, "దీనికి నీకు జీతమెంత?" యని అడిగితిమి. ఏమియు లేదన్నది. పగలు ఉద్యోగము, సాయంకాలము బిడ్డ, రాత్రి పదింటికి పిదప ఈ పెట్టె. లాభమునకు వాడుకొను కంపెనీలు పలుకరింపనైన పలుకరింపవు. లోపము కనుగొన్నవారు కొందఱు మర్యాదగాను, కొందఱు కూలివానిని గద్దించినట్లును వ్రాయుదురు. వచ్చే నెలలో బెంగుళూరున జరుగు సాఫ్ట్‌వేరు వారి సభలో ఈ పెట్టెను గుఱించి అయిదు నిమిషములు మాటాడుమని ఆమెకు పిలుపు వచ్చినదట. పోవుట మాని, ఈ పని ఇంతటితో విడిచెదనని వ్రాయబోవుచున్నదట.

మేము మొదట ఆమె పక్షమే వహించితిమి. "జీతము లేని చాకిరీ మన ఆడవాండ్రకు ఇంటిలో చాలదా? ఊరందఱిది కూడ నెత్తిన బెట్టుకొనవలెనా?" అంటిమి. పిదప శ్రీరామనవమి జ్ఞప్తికి వచ్చినది. ఏటేట భద్రాద్రికి గోటి తలంబ్రాలు వచ్చుట మీరెఱుగుదురు. ఎక్కడెక్కడి పల్లెలలోనో భక్తులు వడ్లగింజలను రోట దంచక, గోళ్ళతో నొక్కొక్కటిగా వలిచి, గింజ విఱుగకుండ తీసి తెచ్చెదరు. ఏ గింజ ఎవరిదో పళ్ళెరములో కలిసిన పిదప తెలియదు. దీనిని చెప్పగా ఆమె నవ్వి, "తలంబ్రాలు పోసేస్తే పని అయిపోతుంది పిన్నీ. ఇది రోజూ అంట్లు తోమినట్టు" అన్నది. ఆ మాటకు మా యొద్ద జవాబు లేదు. బ్రౌజరు మాఱిన కొలది దీనిని దిద్దుచుండవలెను. దిద్దువారు విసిగి లేచిపోయినచో నేమగునో 2016 మార్చిలో లోకము చూచినది. అంకెకు ఎడమ ప్రక్కన సున్నలో ఖాళీలో చేర్చు పదునొకండు పంక్తుల కోడును, దానిని వ్రాసినవాడు ఒక తగవు వలన ఉమ్మడి భాండారమునుండి తీసివేయగా, దానిపై నాధారపడిన వేలకొలది నిర్మాణములు కొన్ని గంటలు నిలిచిపోయినవి.

ఇట్లుండగా కోయతల్లి దరఖాస్తు చేరిన సంగతి కనుగొనుటకు వచ్చి, దోసెడు తునికిపండ్లు తెచ్చి యిచ్చినది. మా అమ్మాయి తన పెట్టెను ఫోనులో తెఱచి, "అక్కా, పాప పుట్టినరోజు ఇందులో పెట్టి చూపిస్తావా?" అని యడిగినది. ఆమెకు అంకెలు వచ్చును, అక్షరములు కొద్దిగా వచ్చును. సంవత్సరములు పైకి క్రిందికి జరుగు వరుసగా నుండెను. ఆమె జరుపలేదు. అంకెల మీట లెక్కడ నున్నవో వెదకినది. సంవత్సరమును వ్రాయవలెనని ఆమె కోరిక. అందు వ్రాయు వీలు లేదు! పిమ్మట మా అత్తగారి ఫోనులో చూడగా, ఆమె చూపు మందగించి అక్షరములు పెద్దవిగా పెట్టుకొనియుండుటచే, ఆ పెట్టెలోను అక్టోబరు ఒత్తు సగము తెగినది. మా అమ్మాయి ముఖము చిన్నబోయినది.

ఆ రాత్రి ఆమె మానుకొనుటను గుఱించి మాటాడలేదు. మూడు రాత్రులు కూర్చున్నది. బిడ్డను మేము జోకొట్టితిమి. సంవత్సరము చేతితో వ్రాయుటకు చోటు కల్పించినది. పెట్టె యెత్తు అక్షరముతో పెఱుగునట్లు చేసినది. 2023 అక్టోబరులో వెలువడిన అందుబాటు నియమావళిలో, వ్రేలు మోపు చోటు అడ్డము నిలువు 24 పిక్సెళ్ళకు తగ్గరాదు, తగ్గినచో చుట్టును తగిన యెడముండవలె నని యున్నదట. ఈమె అంకెలకు 44 ఇచ్చినది. మేము పండ్రెండు నెలలను మూడు పరిమాణములలో చదివి ప్రూఫు దిద్దితిమి. సాయపడినవారి పట్టికలో మా పేరు చేర్చెదనన్నది. భద్రాచలమునుండి ఒక పాఠకురాలు అని వ్రాయుమంటిమి.

ఆమె బెంగుళూరు పోయినది. ఇట్టి సభలు మన దేశమున చాల జరుగుచున్నవి. పైథాన్ భాషవారి పైకాన్ ఇండియా 2009లో బెంగుళూరున మొదలై, 2018లోను 2023లోను హైదరాబాదున జరిగినది. అందు పెద్ద యుపన్యాసములతోపాటు అయిదు నిమిషముల మెఱుపు ప్రసంగములును ఉండును. సభ యనగా చప్పట్లకే యని భయపడరాదు. నేడు లోకమంతట వాడుకలోనున్న రియాక్ట్ అను తెరనిర్మాణ సామగ్రిని 2013లో అమెరికాలో ఒక సభలో మొదట చూపినప్పుడు విన్నవారు పలువురు పెదవి విఱిచిరి. మెచ్చికోలుకన్న లోపము చెప్పువారు దొరకుటయే సభకు ఫలము.

మా అమ్మాయి తన కథనంతయు విడిచి, తెరమీద "ఏపిల్" అను నెలను చూపి, కోయతల్లి పోగొట్టుకొన్న రెండు దినముల కూలిని చెప్పినదట. దిగి రాగానే ఒక కన్నడ యువకుడు, మాకును ఒత్తు లున్నవి, మావియు తెగుచున్నవి అనెనట. చూపులేని యింజనీరొకరు తన ఫోను చదువు యంత్రముతో ఆ పెట్టెను విని, బాణపుగుర్తు యొద్ద "బటను" అని మాత్రమే వినవచ్చుచున్నది, ఏ బటనో చెప్పుట లేదనిరట. ముందు నెల, వెనుక నెల అని ఆ గుర్తులకు పలుకు పేర్లు ఆ సాయంకాలమే పెట్టిరి. కన్నడ యువకుడు ఇప్పుడు వారములో రెండు రాత్రులు తాను దిద్దుటకు ఒప్పుకొన్నాడు. ఆమెకు అవి నిద్రపోవు రాత్రులు. మాకు అన్నిటికన్న నిదియే సంతోషము.

సోదరీమణులారా, ఫోనులో తెలుగు తెగి కనబడినను, మీట వ్రేలికి అందకపోయినను, అది మన చదువు చాలమి యని సిగ్గుపడకుడు. చిత్రము తీసి, ఏ ఫోనులో ఏ పదము తెగినదో రెండు పంక్తులు మర్యాదగా వ్రాసి ఆ తెరవారికి పంపుడు. ఊరక యిచ్చువారికైతే పనిలో పనిగా ఒక మంచిమాటయు వ్రాయుడు. వారును మనవలె అంట్లు తోముకొని వచ్చి కూర్చుండువారే.

ఆ బాలికకు చోటు దొరకినది. మొన్న ఆదివారము తల్లితో వచ్చి, తన బడిలో కంప్యూటరు గది యున్నదని మాకు చెప్పి పోయినది.