భద్రాచలం అంటే అరగంట దర్శనమేనా?

ఆన్‌సైట్ వెళ్తే కాంటర్‌బరీకి ఓ రోజంతా కేటాయిస్తాం. 1170లో ఆర్చిబిషప్ బెకెట్‌ని చంపిన చోట నిలబడి, బోర్డులన్నీ చదివేసి మరీ వస్తాం. తప్పేం లేదండీ. మరి భద్రాచలం? క్యూ, దర్శనం, ప్రసాదం, తిరుగు బస్సు! శిస్తు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాల పాలైన రామదాసు కథ సినిమాలో చూశాం, చాలనుకుంటాం.

2014లో పోలవరం కోసం చుట్టుపక్కల మండలాల్ని ఆంధ్రాలో కలిపేశారు. గుడేమో తెలంగాణలో, రాముడి భూములున్న పురుషోత్తపట్నమేమో ఆంధ్రాలో! మనలో ఎంతమందికి తెలుసు? ముంపుకి ఊళ్ళు వదులుకుంటున్న కోయవాళ్ళ సంగతి? 2022 జులైలో అక్కడ గోదావరి 71 అడుగులు దాటిన సంగతి?

దణ్ణం పెట్టుకుని వచ్చేయడం కాదు మాస్టారూ. ఈసారి ఒక పూట ఆగి, ఆ ఊరి గోడు కూడా వినండి.