సావిత్రి మేలుకున్నది మూడు రాత్రులే

"నిద్రపోయావా?"

పోయినేడాది మావారు హాస్పిటల్లో మంచం దిగబోయి పడిపోయారు. తెల్లారి వచ్చిన బంధువులు నన్ను అడిగిన మొదటి మాట అది.

అవును, నిద్రపోయాను. అది మా ఇరవై మూడో రాత్రి.

మావారికి వచ్చింది గులియన్ బారే సిండ్రోమ్. జీబీఎస్ అంటారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి నరాల మీద పడే జబ్బు. సోమవారం కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయన్న మనిషి గురువారానికి మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయారు. తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్ళాం. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. నరాలు కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది, ఓపిక పట్టండమ్మా అన్నారు డాక్టరుగారు. మొత్తం 41 రోజులున్నాం. ఐసీయూలో తొమ్మిది, మిగతావి రూములో.

రూములోకి వచ్చాక అసలు పని మొదలైంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. రక్తం గడ్డకట్టకుండా కాళ్ళు ఆడిస్తూ ఉండాలి. మింగడం సరిగా లేదు కాబట్టి దగ్గొస్తే చటుక్కున తల పైకెత్తాలి. సెలైన్ అయిపోతే నర్సుని పిలవాలి. ఇవన్నీ పగలూ ఉంటాయి, రాత్రీ ఉంటాయి. ఆ వరండా మొత్తానికి రాత్రిపూట ఇద్దరే నర్సులు. వాళ్ళని అనడానికి లేదు.

కానీ ఒకటి గమనించాను. ఆ నర్సులు పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగి ఇంటికెళ్ళేవాళ్ళు. వార్డుబాయ్ మారేవాడు. లిఫ్టు దగ్గర అబ్బాయి మారేవాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మారేవాడు. డ్యూటీ మారనిది ఆ ఫ్లోరులో భార్యలకి మాత్రమే. ప్రతి మంచం పక్కనా ఒక కుర్చీ, దాంట్లో ఒక ఆడమనిషి, ఒళ్ళో టిఫిన్ క్యారియరు.

చూడ్డానికి వచ్చినవాళ్ళకి లోటు లేదు. యాపిల్స్, బత్తాయిలు, కొబ్బరిబొండాలు. మింగలేని మనిషికి! అన్నీ పక్క రూముల వాళ్ళకి పంచాను. వచ్చిన ప్రతి ఒక్కరూ వెళ్ళేముందు నా భుజం తట్టి ఒకే మాట. మా పెద్దత్తగారైతే కళ్ళు తుడుచుకుని మరీ అన్నారు, "సాక్షాత్తూ సతీ సావిత్రివమ్మా నువ్వు" అని. ఆ బిరుదు ఇచ్చి ఆరింటి బస్సుకి వెళ్ళిపోయారు.

ఇరవై రెండు రోజుల్లో "ఈ రాత్రి నేనుంటాను, నువ్వెళ్ళి పడుకో" అన్న మనిషి ఒక్కరు లేరు.

నా అభ్యంతరం ఆ బిరుదుతోనే. పొగడ్త కంటే చవకైన సాయం లోకంలో లేదు. సావిత్రివి అని ఒకసారి అనేస్తే ఇక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. దేవతకి ఆకలెయ్యదు, నడుం నొప్పి రాదు, నిద్ర రాదు. వస్తే మాత్రం "నిద్రపోయావా?" అని అడగొచ్చు.

అసలు సావిత్రి కథ అరణ్యపర్వంలో ఏముందో చూడండి. భర్త చనిపోయే రోజు దగ్గరపడ్డాక ఆవిడ పట్టిన వ్రతం మూడు రాత్రులు. మూడంటే మూడే. ఆ తర్వాత భర్తని బతికించుకుంది ఎలా? యముడి వెంట నడుస్తూ మాట్లాడి, వరాలు అడిగి. మామగారి చూపు అడిగింది, పోయిన రాజ్యం అడిగింది, తండ్రికి కొడుకుల్ని అడిగింది, చివరికి మొగుణ్ణి అడిగింది. ఆవిడ గొప్పతనం అడగడంలో ఉంది. మనకి నేర్పిందేమో నోరు మూసుకుని కూర్చోవడం.

ఆ రాత్రి రెండున్నరకి మావారికి బాత్రూంకి వెళ్ళాలనిపించింది. అప్పుడప్పుడే కాళ్ళలో కాస్త బలం వస్తోంది. నన్ను లేపడానికి మనసొప్పలేదట. మంచం కమ్మీ పట్టుకుని తనే దిగబోయారు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఎముకలు విరగలేదు, దేవుడి దయ. కానీ ఆయన పడింది నా నిద్ర వల్ల కాదు. ఇరవై రెండు రాత్రులు ఒకే మనిషిని మేల్కొనమన్న మా ఇంటి పద్ధతి వల్ల.

ఆ రోజు మా మరిదిని పిలిచి అడిగేశాను. "వదినా, నాకిలాంటివి అలవాటు లేదు" అన్నాడు. నాకు మాత్రం అలవాటుందా? నేనేమైనా నర్సింగ్ చదివి కాపురానికొచ్చానా? రెండు రాత్రుల్లో నేర్చుకున్నాడు. అన్నని పక్కకి తిప్పడం నాకంటే వాడికే సులువు, బలం ఉంది కదా. మావారు కూడా మొదట మొహమాటపడ్డారు కానీ, బెడ్‌పాన్ పెట్టడానికి తమ్ముడైతే ఏంటి, భార్య అయితే ఏంటి? మంగళ, శుక్ర వారాలు మరిది. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి మా అబ్బాయి. ఒక రాత్రికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకున్నాం. మిగిలిన రెండూ నావి. ఆ వారం నేను ఇంట్లో మంచం మీద పడుకుని ఏడ్చాను. అది దుఃఖం కాదు, ఒళ్ళు సాగినందుకు.

"కట్టుకున్నవాడికి చేయడానికి కూడా వంతులా?" అని మా ఆడపడుచు అంది. నా గర్భసంచి ఆపరేషన్ అప్పుడు హాస్పిటల్లో వారం రోజులూ ఉన్నది మా అమ్మ. మావారు సాయంత్రాలు ఇడ్లీ పట్టుకొచ్చేవారు. "ఎంత ప్రేమో!" అన్నది ఇదే ఆడపడుచు. మగవాడు ఇడ్లీ తెస్తే ప్రేమ, ఆడది ఇరవై మూడో రాత్రి కునుకు తీస్తే నేరం. ఇదేం లెక్క?

తప్పు మనలోనూ ఉంది. "నేనున్నాను కదా, పర్లేదు లెండి" అనే మాట నేను ఎన్నిసార్లు అన్నానో. ఆ మాట మానేయండి. ఎవరైనా "ఏమైనా కావాలా?" అని అడిగితే, ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్నింటి వరకు కావాలో చెప్పండి. వాళ్ళు వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి, సిగ్గు వాళ్ళది.

మీరు ఎవరినైనా చూడ్డానికి హాస్పిటల్‌కి వెళ్తే యాపిల్స్ కొనకండి. ఒక దుప్పటి, మార్చుకోడానికి ఒక చీర సంచిలో పెట్టుకుని వెళ్ళండి. ఆ కుర్చీలో ఉన్నావిడని లేపి, మీరు కూర్చోండి.