మయుడు మిరపకాయ ఎందుకు తేలేదు?

మళ్ళీ వచ్చింది. ఈసారి బొమ్మతో సహా వచ్చింది. ఒక పక్క చిచెన్ ఇట్సా పిరమిడ్, ఇంకో పక్క మన గుడి గోపురం ఏదో, మధ్యలో ఎర్రటి బాణం గుర్తు. కింద కథ: మెక్సికోలో ఉండే మాయన్లు ఎవరో కాదు, మన మయుడి సంతతే. పాండవులకు మయసభ కట్టిపెట్టిన మయుడే పాతాళలోకానికి (అంటే అమెరికా అట!) వెళ్ళి ఈ పిరమిడ్లన్నీ కట్టాడు. తెల్లవాళ్ళు దాచిపెట్టిన ఈ నిజాన్ని పదిమందికీ పంపండి.

పంపించినవాడు మర్పల్లిలో నాతో కలిసి చదువుకున్నవాడే. ఇప్పుడు గచ్చిబౌలిలో డేటాబేస్ అడ్మిన్. రెండు టేబుళ్ళని కేవలం పేరు కాలమ్ మీద జాయిన్ చేస్తే జూనియర్‌ని చీల్చి చెండాడే మనిషి! మర్పల్లిలో శ్రీనివాస్‌కీ మద్రాసులో శ్రీనివాస్‌కీ ఒకే జీతం స్లిప్పు పోతుందని వాడికి బాగా తెలుసు. అదే మనిషి మయ, మాయా అన్న రెండు మాటలు దగ్గరగా వినబడ్డాయని రెండు ఖండాలని జాయిన్ కొట్టేశాడు. అసలా రెండు మాటలైనా ఒకటి కావు. అసురుడు మయుడు, హ్రస్వం. ఎన్టీఆర్ దానవీరశూరకర్ణ చూసిన ప్రతివాడికీ అది మయసభే, మాయాసభ కాదు. అక్కడివాళ్ళు మాయా, దీర్ఘం. తెలుగు చదువుకున్నవాళ్ళకి గుణింతం గుర్తుండాలి కదా.

సరే, పేరు సంగతి వదిలేద్దాం. వాడు చెప్పిందే నిజమనుకుందాం. మయుడు వెళ్ళాడు, పిరమిడ్లు కట్టాడు, అక్కడే వందల ఏళ్ళు మనవాళ్ళ రాకపోకలు సాగాయి. అయితే ఒక్క ప్రశ్న. వచ్చేటప్పుడు మిరపకాయ ఎందుకు తేలేదు?

నవ్వులాటకి అడగట్లేదు. మిరప పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. మన దేశంలోకి అది వచ్చింది 16వ శతాబ్దంలో, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో. అంతకుముందు మన వంటల్లో కారం అంటే మిరియాలే. టమాటా, మొక్కజొన్న, బొప్పాయి, జామ.... ఇవన్నీ అటువైపు నుంచి వచ్చినవే. వేల ఏళ్ళు మన మేస్త్రీలు అక్కడ తిరిగి ఉంటే, పచ్చిమిరపకాయ ఒక్కసారి కొరికిన తెలుగువాడు విత్తనాలు మూటగట్టుకోకుండా తిరిగొస్తాడా? పోనీ మనం తీసుకెళ్ళినవి ఏవి? మా తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. కంది మన గడ్డ మీద పుట్టిన పంట. కొలంబస్‌కి ముందు అమెరికాలో కంది గింజ లేదు. బండి లేదు, గుర్రం లేదు, ఇనుము లేదు. సుదర్శన చక్రం ఉన్న దేశం నుంచి వెళ్ళినవాడు, పాపం రాళ్ళు మోసి మోసి చచ్చే కూలీలకి ఒక్క బండి చక్రం చేసి చూపించలేదా? చక్రాల బండి లేకుండా, ఇనప ఉలి లేకుండా, వీపుల మీద మోసుకొచ్చిన రాళ్ళతో వాళ్ళు ఆ గుళ్ళు కట్టారు. మయుడికి ఇచ్చేస్తున్నామే, ఆ చెమట మొత్తం వాళ్ళది.

నాకు ఈ విషయంలో ఇంత కోపం రావడానికి కారణం ఉంది.

ఒక ప్రాజెక్టు పని మీద మూడు వారాలు మెరిదాలో ఉన్నాను. యుకతాన్ రాష్ట్రానికి రాజధాని. మాతో పనిచేసే టెస్టింగ్ టీం అక్కడ ఉండేది. మొదటి వారం అందరం కలిసి భోజనానికి వెళ్ళాం. మా లీడ్ గారు, మంచాయనే, మాట కలపాలన్న ఉద్దేశంతోనే అన్నాడు: "మీకో సంగతి తెలుసా? మీ మాయన్లు నిజానికి మా ఇండియన్సే." ఎదురుగా కూర్చున్న అమ్మాయి వాళ్ళ నాయనమ్మ ఇంట్లో మాట్లాడేది మాయా భాష. స్పానిష్ సరిగా రాదట ఆవిడకి. ఆ అమ్మాయి ఏమీ కోప్పడలేదు. ప్లేటులోంచి తలెత్తకుండానే, "ఓహో. ముందు ఈజిప్టువాళ్ళు, తర్వాత అట్లాంటిస్ వాళ్ళు, తర్వాత ఏలియన్లు. ఇప్పుడు మీరు కూడా లైన్లో నిలబడ్డారన్నమాట" అంది.

టేబుల్ దగ్గర ఇంకెవరూ మాట్లాడలేదు. నేనైతే గ్లాసులో నీళ్ళు రెండుసార్లు తాగినట్టు గుర్తు.

ఆ అమ్మాయి లెక్క ఎంత కచ్చితమో తర్వాత చదువుకుంటే తెలిసింది. 19వ శతాబ్దంలో లె ప్లాంజియాన్ అని ఒకాయన చిచెన్ ఇట్సాలో తవ్వకాలు చేసి, మాయా రాణి ఒకావిడ ఈజిప్టుకి పారిపోయిందని పుస్తకాలు రాశాడు. 1968లో ఎరిక్ వాన్ డానికెన్, పాలెంకేలో రాజు సమాధి మీది చెక్కడం చూపించి అది రాకెట్‌లో కూర్చున్న వ్యోమగామి అన్నాడు. అందరి కథల్లోనూ ఉన్న సంగతి ఒక్కటే: ఈ కట్టడాలు ఎవరైనా కట్టి ఉండొచ్చు, ఇక్కడ మొక్కజొన్న చేలల్లో పనిచేసుకుంటున్న ఈ మనుషుల తాతలు తప్ప! 1839లో అక్కడ తిరగడం మొదలుపెట్టిన స్టీఫెన్స్ అనే అమెరికన్, కాథర్‌వుడ్ అనే బొమ్మలేసే ఆయనతో కలిసి ఆ శిథిలాలన్నీ చూసి, ఇవి ఈ జనం పూర్వీకులు కట్టినవే అని తేల్చి రాశాడు. ఇంకా విచిత్రం, 1562లో మాని అనే ఊళ్ళో మాయా పుస్తకాలని కుప్పపోసి తగలబెట్టించిన ఫాదర్ దియెగో దె లాందా కూడా వీటిని కట్టింది ఇక్కడివాళ్ళే అని ఒప్పుకున్నాడు. పుస్తకాలు కాల్చిన పాదిరీ ఇచ్చిన పాటి మర్యాద కూడా మన ఫార్వర్డు ఇవ్వట్లేదు. మాయా పుస్తకాల్లో నేటికి మిగిలినవి నాలుగే నాలుగు.

మెరిదా గురించి చెప్పాలి. అక్కడ తిహో అని ఒక మాయా నగరం ఉండేది. 1542 జనవరి 6న ఫ్రాన్సిస్కో దె మోంతేహో దాని మీదే కొత్త పట్నం పెట్టాడు. ఆ గుడి దిబ్బలు చూస్తే స్పెయిన్‌లోని మెరిదాలో రోమన్ శిథిలాలు గుర్తొచ్చాయట, ఆ పేరే పెట్టేశారు. పిరమిడ్ రాళ్ళు పీకి చర్చి కట్టారు. 1598 ప్రాంతంలో పూర్తయిన ఆ కెథీడ్రల్ ఇప్పటికీ ఊరి మధ్య చౌరస్తాలో ఉంది. దక్షిణం వైపు మోంతేహో ఇల్లు. గుమ్మం పైన ఇద్దరు సైనికులు ఈటెల్లాంటి ఆయుధాలు పట్టుకుని నిలబడి ఉంటారు, కాళ్ళ కింద మనుషుల తలకాయలు, నోళ్ళు తెరిచి. తూర్పు వైపు ఇసమాల్ అని చిన్న ఊరుంది, ఊరంతా పసుపు రంగే. అక్కడి మఠం మాయా గుడి పునాది అరుగు మీదే కూర్చుంది. కలోనియల్ టౌన్ అని టూరిస్టులు ఫొటోలు తీసుకునే ప్రతి గోడలోనూ మాయా రాయి ఉంది. ఆ సంగతి అక్కడ ఎవరూ దాచట్లేదు కూడా. మెక్సికోలో ఈరోజుకీ ఏడున్నర లక్షల మందికి పైగా ఆ మాయా భాష మాట్లాడుతున్నారు. 1847 నుంచి 1901 దాకా తిరుగుబాటు చేసిన జనం వాళ్ళు. మాయమైపోయిన జాతి అని మనం చదివింది శుద్ధ అబద్ధం.

ఒక్కటి మాత్రం నాకు నిజంగా ఒళ్ళు జలదరించిన సంగతి. మనకీ వాళ్ళకీ పోలిక కావాలంటే ఇదుంది, ఫార్వర్డు రాసినవాడికి దొరకనిది. లాందా మాయావాళ్ళ అక్షరాలు రాసుకుందామని ఒకాయన్ని కూర్చోబెట్టి స్పానిష్ అక్షరాల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. స్పానిష్‌లో బి అక్షరాన్ని "బె" అంటారు. ఆయన బుద్ధిగా "బె" అనే శబ్దానికి ఉన్న గుర్తు గీశాడు. ఎందుకంటే వాళ్ళ రాతలో విడి హల్లు లేదు, హల్లు అచ్చు కలిసిన అక్షరమే ఉంది, మన క, కి, కు లాగా. లాందాకి అర్థం కాలేదు. తర్వాత వచ్చిన పండితులు చాలామంది ఆ పట్టిక పనికిరాదన్నారు. 1952లో లెనిన్‌గ్రాడ్‌లో కూర్చుని యూరీ క్నోరోజోవ్ ఆ చిక్కు విప్పాడు. గుణింతం దిద్దిన తెలుగు పిల్లాడికి చూపిస్తే ఈ కిటుకు తొందరగానే తట్టేదేమో. రిక్వైర్‌మెంట్ అడగడం రానివాడు అడిగితే డాక్యుమెంట్ అలాగే తగలడుతుంది, మనకిది కొత్తేమీ కాదు. సున్నా కూడా అంతే. మనవాళ్ళు కనిపెట్టారు, వాళ్ళూ వేరే కనిపెట్టారు, ఒకళ్ళకొకళ్ళు తెలియకుండా. రెండుసార్లు పుట్టిందంటే ఎంత గొప్ప సంగతి! దాన్ని ఒకసారికి కుదించి మన ఖాతాలో వేసుకుంటే మనకి మిగిలేదేంటి?

"తెల్లవాళ్ళు చెప్పిందే నమ్ముతావు" అని గ్రూపులో నాకు జవాబు వచ్చింది. తెల్లవాళ్ళ సంగతే మాట్లాడుకుందాం. రాళ్ళ సంగతి కూడా.

మాకు సున్నపురాయి కొత్త కాదు. మా ఇంట్లో కింద పరిచింది తాండూరు బండలే. అమరావతి స్తూపం పలకలూ ఒక రకం సున్నపురాయే, పల్నాటి రాయి. యుకతాన్ నేలంతా సున్నపురాయే. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త రాజధాని కట్టించుకుంటూ దీపాలదిన్నె నుంచి ఇటుకలూ పలకలూ తీయించాడు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిన్నె నడిబొడ్డున చెరువు తవ్వి ఉంది. చెక్కిన పలకలని కాల్చి సున్నం చేసుకున్నారు. ఇక్కడ తెల్లవాడు లేడు, మనవాళ్ళే.

తర్వాత తెల్లవాళ్ళూ వచ్చారు. 1830 ప్రాంతంలో మచిలీపట్నం కలెక్టర్ రాబర్ట్‌సన్, తన పేరున కట్టించిన కొత్త బజారు చౌరస్తాకి సోకు కోసం ముప్పైకి పైగా అమరావతి పలకలు పట్టుకెళ్ళాడు. బందరులో రాబర్ట్‌సన్‌పేట ఇప్పటికీ ఉంది. అంటే మెరిదా కథే! పాత దేవుడి రాళ్ళతో కొత్త దొర చౌరస్తా. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు, అక్కడి నుంచి 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు 120 దాకా ఉన్నాయి. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ హుకుం మీద మిగిలిన దిన్నె మొత్తం ఊడ్చేశారు. నడుమ గొయ్యి మిగిలింది.

బందరు మీదుగా ఎన్నిసార్లు తిరిగినా ఈ రాబర్ట్‌సన్ కథ తెలిసినవాడు నాకు మా ఆఫీసులో ఒక్కడూ తగల్లేదు. కృష్ణా జిల్లా వాళ్ళు నలుగురున్నారు, వాళ్ళనీ అడిగాను. మయుడి కథ మాత్రం అందరికీ తెలుసు!

అంతదూరం ఎందుకు? కొండాపూర్ అంటే మనకి ఏం గుర్తొస్తుంది? టూ బెడ్రూమ్ రెంటు, బొటానికల్ గార్డెన్ దగ్గర ట్రాఫిక్. ఇంకో కొండాపూర్ ఉంది, సంగారెడ్డి జిల్లాలో. మర్పల్లి నుంచి సదాశివపేట మీదుగా వెళ్ళొచ్చు. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ తరఫున ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్ అక్కడ తవ్వించారు. ఇటుక కట్టడాలు, శాతవాహనుల నాణేలు, మట్టి బొమ్మలు, పూసలు.... రెండు వేల ఏళ్ళ నాటి పట్నం. మ్యూజియం కూడా ఉంది. నేను వెళ్ళిన రోజు రిజిస్టర్‌లో నా ముందు సంతకం ఎప్పటిదో చూసి, తేదీ చెప్పడం ఇష్టంలేక ఇక్కడ రాయట్లేదు.

మా దిక్కు పాత ఊళ్ళున్న దిబ్బలని పాటిగడ్డ అంటారు. బూడిద రంగు మన్ను, నిండా కుండపెంకులు. వాన వెలిశాక పూసలు దొరుకుతాయని చిన్నప్పుడు పోయేవాళ్ళం. ఆ మన్ను పంటకి బలమని తవ్వి చేలల్లో పోస్తారు. రైతుని నేను తప్పుపట్టను. ఆయనకి అది ఎరువు, వేరే సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది చదువుకుని పట్నం పోయిన మనం.

అందుకే గ్రూపులో మిరపకాయ ప్రశ్న పెట్టాను. ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టారు. ఫార్వర్డు పంపినవాడు సాయంత్రం ఫోన్ చేసిండు.

"అరేయ్, గంత సీరియస్ ఎందుకు తీసుకుంటున్నవ్‌రా? మనోళ్ళ గొప్పతనం నలుగురికి తెలుస్తదని పంపిన."

"సరే గానీ, మీ చెల్క పక్కన పాటిగడ్డ ఉండె కదరా, ఎట్లుందిప్పుడు?"

"అదా? ఇంకేడుందిరా. మొన్న ఎండాకాలం నేనే దగ్గరుండి జేసీబీ పెట్టించిన. ట్రాక్టర్లకి ట్రాక్టర్లు పోయింది. కంది మంచిగొచ్చింది ఈసారి, నీక్కూడ పంపిస్త తీ."