స్కౌట్ల పోటీకి మట్టి నేల కావాలి

మదీనాగూడ పరిసర పాఠశాలల స్కౌట్లకు, గైడ్లకు ఆరుబయట నైపుణ్యాల పోటీ పెట్టడానికి డిసెంబరు అనువైన నెల. వానలుండవు, వార్షిక పరీక్షలు ఇంకా దూరం. సంక్రాంతి సెలవుల్లో పెడితే సగం మంది ఊళ్లకు పోతారు.

స్థలమే చిక్కు. బొంబాయి రోడ్డు పొడవునా దుకాణాలు, అపార్టుమెంట్లు లేచిన ఈ ప్రాంతంలో గుడారం మేకు దిగే మట్టి నేల అరుదైంది. మియాపూర్ అటవీ భూమి చేరువలోనే ఉన్నా, అనుమతి లేనిదే అక్కడ అడుగు పెట్టరాదు. పైగా చలికాలపు ఎండుగడ్డిలో నిప్పు ప్రమాదం. గడ్డి చెక్కి, నీళ్ల బకెట్లు, ఇసుక సిద్ధంగా ఉంచిన బడి మైదానమే మేలు.

1907లో బేడెన్ పవల్ బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది బాలురతో శిబిరం నడిపినప్పుడు వారిని చిన్న దళాలుగా విడదీశాడు. ఇక్కడా మార్కులు దళానికే వేయాలి. ముడులు, దిక్సూచి, ప్రథమ చికిత్స, రెండే అగ్గిపుల్లలతో పొయ్యి రాజేయడం పిల్లలే చేయాలి. మాస్టర్లు గీత అవతల నిలవాలి. అతిథుల ఉపన్యాసాలు ఎంత తగ్గితే అంత మంచిది. రాత్రి బస ఉంటే దుప్పట్లు, గైడ్లకు వేరే వసతి, వెంట మహిళా కెప్టెన్లు తప్పనిసరి.

శేరిలింగంపల్లి మండల విద్యాధికారులు నవంబరు మొదట్లోనే స్థలం, తేదీ ప్రకటిస్తే దళాలకు సాధన చేసుకునే వ్యవధి చిక్కుతుంది.