తాళంచెవి లోపల పెట్టి తలుపు వేస్తే...

ఉద్యోగంలో చేరిన కొత్త. శుక్రవారం సాయంత్రం, అందరూ బ్యాగులు సర్దుకుంటున్నారు. మా టీమ్‌లో సీనియర్ అన్న వెళ్తూ వెళ్తూ, "ఆ కొత్త సర్వర్‌లో ఫైర్‌వాల్ ఆన్ చేసెయ్ తమ్ముడూ, రెండు నిమిషాల పని" అన్నాడు.

నిజంగానే రెండు నిమిషాల పనే. అది ఉబుంటు సర్వర్. లాగిన్ అయ్యి 'యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్' అని కొట్టాను. ఇప్పుడున్న ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్లకు ఇబ్బంది రావచ్చు, కానివ్వమంటావా అని అడిగింది. యాప్‌లు పర్మిషన్ అడిగినప్పుడు మనం ఏం చేస్తాం? చదవకుండా ఓకే నొక్కుతాం. నేనూ అదే చేశాను.

ఏమీ కాలేదు. కమాండ్లు చక్కగా పనిచేస్తున్నాయి. హమ్మయ్య అనుకుని లాగవుట్ అయ్యి మెట్రో ఎక్కాను. అమీర్‌పేట దాటకముందే ఫోన్ మోగింది. "సర్వర్‌లోకి ఎవరూ వెళ్లలేకపోతున్నారు. ఏం చేశావ్?"

ఏం చేశానంటే, తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసేశాను.

వాచ్‌మన్ చేతిలో నోట్‌బుక్

ఫైర్‌వాల్ అంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. ఆయన చేతిలో ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఎవరిని పంపాలి, ఎవరిని ఆపాలి అన్నది అందులో వరుసగా రాసి ఉంటుంది. సర్వర్‌లో ఫ్లాట్ నంబర్లను పోర్టులు అంటాం. వెబ్‌సైట్ చూడ్డానికి వచ్చేవాళ్లు 80, 443 నంబర్లకు వస్తారు. మైసీక్వల్ డేటాబేస్ 3306లో ఉంటుంది. మనలాంటి పనివాళ్లు దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి ఎస్‌ఎస్‌హెచ్, దాని నంబరు 22.

యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేస్తే దాని మామూలు పద్ధతి ఒకటే: బయటికి వెళ్లేవాళ్లను వెళ్లనివ్వు, లోపలికి వచ్చేవాళ్లలో పేరు లేనివాళ్లను ఆపు. నేను 22 నంబరు పేరు రాయకుండానే వాచ్‌మన్‌ను డ్యూటీ ఎక్కించాను. మరి అప్పుడు నా కమాండ్లు ఎలా పనిచేశాయి? నేను అప్పటికే లోపల ఉన్నాను కాబట్టి. మొదలైపోయిన మాటను ఫైర్‌వాల్ సాధారణంగా మధ్యలో తుంచదు, కొత్తగా వచ్చేవాళ్లనే ఆపుతుంది. అందుకే బయటికి వచ్చాకే అసలు సంగతి తెలిసింది.

ఆ రాత్రి హోస్టింగ్ వాళ్ల కన్సోల్ ద్వారా, అంటే సర్వర్‌కు నేరుగా స్క్రీన్, కీబోర్డు తగిలించినట్టుగా లోపలికి వెళ్లి సరిచేశాం. అన్న తిట్టలేదు. "ఒక్క సర్వర్ కాబట్టి బతికిపోయాం. రేపు నలభై ఉంటే?" అన్నాడంతే.

నలభై నోట్‌బుక్‌లు

నలభై సర్వర్లలో చేత్తో రూల్స్ రాస్తే ఏడాది తిరిగేసరికి ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకదాంట్లో ఎవరో వెండర్ కోసం "తాత్కాలికంగా" 3306 తెరుస్తారు. ఆ వెండర్ కాంట్రాక్టు అయిపోతుంది, తెరిచినవాడు వేరే కంపెనీకి వెళ్లిపోతాడు, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. ఇంటర్నెట్‌లో తెరిచిన తలుపుల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములకు సెలవులుండవు.

ఇక్కడే ఆన్సిబుల్, పపెట్ లాంటి పనిముట్లు వస్తాయి. ఆన్సిబుల్ 2012లో వచ్చింది, 2015లో రెడ్ హ్యాట్ కంపెనీ కొనుక్కుంది. ఉర్సులా లెగ్విన్ సైన్స్ ఫిక్షన్ నవలల్లో ఎంత దూరానికైనా క్షణంలో కబురు పంపే యంత్రం పేరు అది.

దీనిలో కిటుకు ఏంటంటే, మనం కమాండ్లు ఇవ్వం, కావలసిన స్థితి చెబుతాం. "ఇల్లు ఊడువు" అనడం వేరు, "ఇల్లు శుభ్రంగా ఉండాలి" అనడం వేరు. శుభ్రంగానే ఉంటే చీపురు ముట్టుకోదు. వెబ్ సర్వర్లన్నిటిలో 80, 443 తెరిచి ఉండాలి, డేటాబేస్ 3306కి వెబ్ సర్వర్లు మాత్రమే రావాలి, 22కి ఆఫీసు వీపీఎన్ నుంచి మాత్రమే రావాలి. ఇలా ఒక ఫైల్‌లో రాస్తాం, దాన్నే ప్లేబుక్ అంటారు. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. సరిగ్గా ఉన్న చోట ఆకుపచ్చ, మార్చిన చోట పసుపు, తేడా కొడితే ఎరుపు.

కూర్చున్న కొమ్మ

అయితే ఒక చిక్కుంది. లైనక్స్ సర్వర్లలోకి ఆన్సిబుల్ వెళ్లేది కూడా మామూలుగా ఎస్‌ఎస్‌హెచ్ దారిలోనే. ప్లేబుక్‌లో 22 మర్చిపోతే కూర్చున్న కొమ్మను తనే నరుక్కుంటుంది. అదీ ఒక్క చెట్టు కాదు, తోట మొత్తం.

ఇంకా దొంగ సంగతి: ఆన్సిబుల్ ఒకసారి తెరిచిన కనెక్షన్‌ను వెంటనే మూసెయ్యదు, కాసేపు అట్టేపెట్టుకుని వాడుకుంటుంది. అందుకని దారి మూసుకుపోయినా మిగతా పనులు ఆకుపచ్చగానే కనిపిస్తాయి. ఆ శుక్రవారం నేను మోసపోయినట్టే అదీ మోసపోతుంది.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ తన వెబ్ ఫైర్‌వాల్‌లో ఒక కొత్త రూల్ పెట్టింది. అది ఎవరినీ ఆపే రూల్ కూడా కాదు, ఊరికే గమనించే పద్ధతిలో పెట్టారు. కానీ అందులో రాసిన ఒక ప్యాటర్న్ వల్ల సర్వర్ల సీపీయూలు నూటికి నూరు శాతం ఊపిరాడకుండా అయిపోయాయి. వాళ్ల సొంత పంపిణీ వ్యవస్థ ఆ రూల్‌ను ప్రపంచమంతా ఒకేసారి, సెకన్లలో చేర్చేసింది. 27 నిమిషాల పాటు బోలెడన్ని వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. సరిచేయాల్సిన ఇంజినీర్లకు సొంత టూల్స్‌లోకి వెళ్లడమే కష్టమైంది. ఏం జరిగిందో కంపెనీయే తర్వాత వివరంగా చెప్పింది.

ఆటోమేషన్ మన తెలివిని ఎంత వేగంగా పంచుతుందో, మన పొరపాటునూ అంతే వేగంగా పంచుతుంది.

మరి ఎలా?

వరుస ముఖ్యం. ముందు 22 తెరిచే రూల్, తర్వాత "మిగతావాళ్లను ఆపు", చివర్లో ఫైర్‌వాల్ ఆన్. ప్లేబుక్ పైనుంచి కిందికి నడుస్తుంది కాబట్టి ఈ వరుసలోనే రాయాలి.

నడిపే ముందు 'చెక్', 'డిఫ్' ఆప్షన్లు పెట్టండి. ఏం మారుతుందో చూపిస్తుంది, మార్చదు. పెళ్లి శుభలేఖ ప్రింటుకిచ్చే ముందు ప్రూఫ్ చూసుకున్నట్టు.

అన్నిటి మీద ఒకేసారి వద్దు. 'సీరియల్' విలువ 1 అని పెడితే ఒక సర్వర్ పూర్తయ్యాకే రెండోదానికి వెళ్తుంది. దాని తర్వాత 'రీసెట్ కనెక్షన్' పెట్టి, మళ్లీ కొత్తగా లోపలికి రాగలుగుతున్నామో లేదో ప్లేబుక్‌తోనే పరీక్ష చేయించండి. రాలేకపోతే అక్కడే ఆగుతుంది. పోయేది ఒక్కటే.

చేత్తో చేస్తుంటే పాత విండో మూయకుండా రెండో విండోలో లాగిన్ అయ్యి చూడండి. మరీ భయంగా ఉంటే, అయిదు నిమిషాల్లో ఫైర్‌వాల్ దానంతటదే ఆఫ్ అయ్యేలా ముందే టైమర్ పెట్టుకోండి. అంతా బాగుంటే టైమర్ తీసేయండి. ఐపీటేబుల్స్‌లో ఇందుకోసం 'ఐపీటేబుల్స్ అప్లై' అనే కమాండే ఉంది. మీరు జవాబివ్వకపోతే పాత రూల్స్ తిరిగి పెట్టేస్తుంది.

రెడ్ హ్యాట్ తరహా సర్వర్లలో ఫైర్‌వాల్‌డీ ఉంటుంది. దానికి రెండు జ్ఞాపకాలు: ఇప్పటిది, శాశ్వతమైనది. ఇప్పటిది మాత్రమే మారిస్తే రీబూట్‌తో పోతుంది. ఆన్సిబుల్‌లో 'పర్మనెంట్' మాత్రమే పెడితే రీలోడ్ అయ్యేదాకా పనిచేయదు. దానితోపాటు 'ఇమ్మీడియెట్' కూడా పెట్టాలి.

అదే సర్వర్‌లో డాకర్ వాడుతున్నారా? అది బయటికి తెరిచిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్‌ను దాటుకుని వెళ్లిపోతాయి. వాచ్‌మన్ ముందు గేటు కాస్తుంటే పక్క గోడకు కొత్త ద్వారం పెట్టినట్టు.

చెరిపితే పోదు

చాలామంది పడే ఇంకో గుంట. ప్లేబుక్‌లోంచి ఒక లైను తీసేస్తే సర్వర్‌లో ఆ రూల్ పోతుందనుకుంటారు. పోదు! ఆన్సిబుల్ తనకు చెప్పిందే చూస్తుంది, చెప్పనిదాని జోలికి వెళ్లదు. ఆ రూల్ ఉండకూడదని విడిగా రాయాలి. లేదంటే ఆ "తాత్కాలిక" 3306 కాగితం మీద మూసుకుని, నిజంలో తెరిచే ఉంటుంది. పపెట్‌లో అయితే జాబితాలో లేని రూల్స్‌ను ఊడ్చేసే 'పర్జ్' ఆప్షన్ ఉంది. అదీ జాగ్రత్తగానే వాడాలి, కావలసినవి కూడా కొట్టుకుపోవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు పడి ఏం లాభం అంటారా? నాకు కనిపించిన అసలు లాభం వేగం కాదు. ఈ ఫైళ్లను గిట్‌లో దాస్తాం కదా, ప్రతి రూల్ పక్కన ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో ఉంటుంది. ఇంకొకరు చూసి సరే అన్నాకే లోపలికి వెళ్తుంది. "ఇది ఎవడు తెరిచాడు?" అని అరిచే అవసరం ఉండదు. కొత్తగా చేరినవాడి తల మీద శుక్రవారం సాయంత్రం ఒంటరిగా భారం పడదు.

అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నవాళ్లయినా, ఇంట్లోనే వీడియోలు చూసి నేర్చుకుంటున్నవాళ్లయినా ఈ వారం ఒక పని చేయండి. లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి రెండు ఉబుంటు మెషీన్లు తయారు చేసుకోండి. ఒకదాన్నుంచి రెండోదానికి ప్లేబుక్ నడపండి. 22 రూల్ కావాలనే మర్చిపోయి మిమ్మల్ని మీరే బయట పెట్టుకోండి. మళ్లీ లోపలికి ఎలా రావాలో కనుక్కోండి.

మొన్న మా టీమ్‌లో కొత్తమ్మాయి ఫైర్‌వాల్ మార్పు రాసి నాకు చూడమని పంపింది. చూశాను. మొదటి లైను 22 తెరవడం. పక్కన చిన్న నోట్: "దీన్ని కదపకండి అన్నా, మీ మెట్రో కథ విన్నాను."